ఇంకా రాని ఊళ్ళో వంతెన

మస్తానయ్య మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. అడిగినవాడు వెంట నడవాలి, ఎక్కడికని అడక్కూడదు. తిరిగొచ్చి ఆయన గుమ్మంలో చెప్పులు విడిచారంటే జవాబు అయిపోయిందన్నమాట. అర్థమైతే మన అదృష్టం, కాకపోతే ఇంటికెళ్ళి పడుకోవడమే. ఆయన టౌన్ ప్లానింగు ఆఫీసులో నలభై ఏళ్ళు పటాలు గీసి రిటైరయ్యారు. కాకినాడలో స్కేలూ పెన్సిలూ పట్టి బతుకుతున్నవాళ్ళలో సగం మంది ఆయన వరండాలో గీత నేర్చుకున్నవాళ్ళే. నేనూ ఆ సగంలోవాణ్ణే. అందుకే ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే అక్కడికే చేరతాను.

ఆ ఆదివారం శేషగిరి వచ్చాడు. మా అందరిలోకి చిన్నవాడు, అంటే ముప్పై రెండేళ్ళవాడు. ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాఫ్ట్స్‌మన్. చేతి గీత చక్కగా ఉంటుంది, బుద్ధికి మాత్రం ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్లో ఊళ్ళు కట్టే ఆట ఒకటుంది, పేరు 'మహానగరి'. ఖాళీ నేల ఇస్తారు. రోడ్లు మనమే వెయ్యాలి, నీళ్ళు మనమే తేవాలి, బస్సులు మనమే నడపాలి. శేషగిరీ, కాలేజీలో అతని పక్క బెంచీవాడు ఇమ్మానుయేలూ కలిసి ఆరేళ్ళపాటు అందులో ఒక ఊరు కట్టారు. పగలంతా జీతానికి ఊళ్ళు గీసినవాడు ఇంటికెళ్ళి ఊరికే ఊళ్ళు కట్టడమేమిటయ్యా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. "పగలు గీసినవి ఎవరూ కట్టరు కదండీ" అనేవాడు.

ఇప్పుడా ఆట రెండో భాగం రాబోతోందట. రెండేళ్ళుగా రాబోతూనే ఉంది. రెండు నిమిషాల పదకొండు సెకన్ల వీడియో ఒకటి వదిలారు. దాన్ని మనవాళ్ళు మూడు వేలమంది ఒక గ్రూపు కట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, బొమ్మ తరవాత బొమ్మ ఆపి చూశారు. బస్సు పొడుగుని బట్టి రోడ్డు వెడల్పు లెక్కగట్టారు. ఒక మూల పసుప్పచ్చగా ఏదో కదిలితే, అది ఆటో అని ఒక వర్గం, చెత్తబండి అని ఇంకో వర్గం వారం రోజులు వాదించుకున్నారు. అన్నిటికన్నా వాళ్ళకి సంతోషం కలిగించిన సంగతేమిటంటే, కొత్త ఆటలో నీరు నిజంగా పల్లానికి పారుతుందట, గట్టి వాన పడితే డ్రైన్లు పొంగుతాయట. శేషగిరి ఈ కబురు చెప్పిన రోజు నేను మోకాలి లోతు నీళ్ళలో స్కూటరు తోసుకుంటూ వచ్చి కూర్చున్నాను. ప్యాంటు అంచులు పిండుకున్నాను.

అక్కడితో ఆగితే గొడవే లేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, వీడియోలో ఒకటో నిమిషం తొమ్మిదో సెకను దగ్గర కనిపించే నది మలుపుని చూసి, రాబోయే ఆటలో అందరూ కలిసి కట్టబోయే ఊరికి వీళ్ళు ఇప్పుడే పటం గీసేశారు. వార్డులుగా కోసి పంచేసుకున్నారు కూడా. మలుపు దగ్గరి వార్డు శేషగిరికీ ఇమ్మానుయేలుకీ ఉమ్మడిగా వచ్చింది. వంతెన మలుపు మీదే ఉండాలని శేషగిరి పట్టుబట్టాడు. అక్కడ ఆసుపత్రి రావాలి, వంతెన దిగువకి పోవాలని ఇమ్మానుయేలు భీష్మించాడు. మాటా మాటా పెరిగింది. గ్రూపులో అందరి ముందూ "నువ్వు ల్యాబులో గాజు పలకలు చూసుకో, రోడ్ల సంగతి నీకెందుకు" అని శేషగిరి అన్నాడట. ఇమ్మానుయేలు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఆ మాటతో పధ్నాలుగేళ్ళ స్నేహం ఆగిపోయింది. రెండు నెలలైంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు గానీ, ఆ సోమలింగాన్ని ఏ బడిలో వెయ్యాలో తేలక మొగుడూ పెళ్ళాం విడిపోయారని మాత్రం నేను ఇదే వినడం.

నవ్వులాటకి చెబుతున్నాను గానీ నాకు బాధగానే ఉంది. ఎందుకంటే ఇమ్మానుయేలుకి నెల్లూరు బదిలీ అయింది. వారం రోజుల్లో పెళ్ళాంబిడ్డలతో వెళ్ళిపోతున్నాడు. ఈ సంగతి శేషగిరికి వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. తెలిసినా ఫోను చెయ్యలేదు. ముందు వాడే చెయ్యాలట.

అలాంటి మనిషి ఆవేళ చంకలో పటం చుట్ట పెట్టుకొచ్చి మాస్టారి ముందు పరిచాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని పావుగంట శ్రద్ధగా చూశారు. లేని ఊరి పటమని చులకన చెయ్యలేదు. "ఫుట్‌పాతు మంచి వెడల్పు ఇచ్చావురా" అని మెచ్చుకున్నారు కూడా.

"మాస్టారూ, మీరు నలభై ఏళ్ళు ఈ పని చేశారు. మీ మాట ఎవరూ కాదనరు. వంతెన ఎక్కడుండాలి? మలుపు మీదా, దిగువనా? ఆ ఒక్కటీ తేల్చెయ్యండి" అన్నాడు శేషగిరి.

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నారు.

ఆటోలో ఊరు దాటి మూడు కిలోమీటర్లు వెళ్ళాం. రోడ్డు పక్కన పెద్ద సిమెంటు ఆర్చి, దాని వెనక కనుచూపు మేర గడ్డి. గడ్డిలో వరసగా తెల్ల రాళ్ళు. పద్దెనిమిదేళ్ళ కిందట మాస్టారే గీసిన లేఅవుటు అది. ఎనభై అడుగుల రోడ్డూ, పార్కూ, బడికి స్థలం, బస్సు ఆగడానికి చోటు, అన్నీ పటంలో ఉన్నాయి. తరవాత ఎవరో కోర్టుకెళ్ళారు. తగాదా ఇంకా నడుస్తోంది, ఇల్లు ఒక్కటీ లేవలేదు. కాపలాకి పెట్టిన మనిషీ, అతని భార్య నూకరత్నమూ మాత్రం ఆర్చి పక్కన రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఆవిడ ఆ ప్లాట్లలో ఆకుకూరలు పండించి అమ్ముకుంటుంది. మాస్టారిని చూడగానే కొంగు సవరించుకుని ఎదురొచ్చింది.

"రండి మాస్టారండీ. ఆయన మూడో క్రాసు రోడ్డులో గోంగూర కోత్తన్నారండి. రెండో క్రాసులోది ముదిరిపోయిందండి, పార్కులో తోటకూర బావుంది, పట్టికెళ్దురుగాని."

శేషగిరి నా వంక చూశాడు. పటంలోని ఊరు ఆవిడ నోట్లో ఉంది. ఎనభై అడుగుల రోడ్డు మీద ఆవిడ కోళ్ళు తిరుగుతున్నాయి.

మాస్టారు ఎలా ఉన్నావని అడిగితే ఆవిడ తన కష్టం చెప్పుకుంది. లేఅవుటు చివర మురుగు కాలవ ఉంది. దాని అవతలే ఆసుపత్రి. ఆ గేటు దగ్గర కూర్చుని ఆవిడ ఆకుకూరలు అమ్ముతుంది. కాలవ మీద చీల్చిన తాటి దుంగ ఒకటి వేసుకున్నారు. మొన్నటి వానకి కాలవ పొంగి దుంగ కొట్టుకుపోయింది. ఎలాగో ఇవతలి గట్టుకి లాక్కొచ్చారు గానీ, దాన్ని మళ్ళీ వెయ్యడం ఇద్దరివల్లా కావడం లేదు. మూడ్రోజులుగా గంప నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళు చుట్టు తిరిగి వెళుతోంది. భర్తకి నడుం పట్టేసింది, కోత కోస్తే చాలని అక్కడ కూర్చోబెట్టింది.

కాలవ దగ్గరికి వెళ్ళి చూశాం. మాస్టారు గట్టు మీద నిలబడి, వంద గజాల ఎగువన గడ్డిలో ఒక రాయి చూపించారు. "నా పటంలో కల్వర్టు అక్కడ."

"అటెవరు నడుత్తారండీ" అంది నూకరత్నం, ఏమాత్రం మొహమాటం లేకుండా. మాస్టారు తలూపారు.

దుంగ పన్నెండడుగులుంది. శేషగిరీ నేనూ నూకరత్నమూ కలిసి ఎత్తితే కదిలింది. ఇవతలినుంచి తోసేస్తే సరిపోదా అనుకున్నాం. మూడుసార్లు ప్రయత్నించాం. ప్రతిసారీ అవతలి కొస గట్టు అందకుండానే వాలిపోయి బురదలో దిగబడింది. మళ్ళీ లాక్కోవడం. శేషగిరి మోకాళ్ళదాకా బురద. ఆటలో అయితే ఒక్క నొక్కు నొక్కితే వంతెన పడుతుంది కాబోలు, ఇక్కడ దుంగ అతని మాట వినలేదు.

"నడిమధ్య నిలువులోతు, దిగి దాటలేం. అవతల ఎవరో ఒకరు తాడు కట్టి లాగాలండి" అంది నూకరత్నం. "ల్యాబు బాబుకి తెలిత్తే వచ్చేవోడు. రోజూ నా దగ్గరే గోంగూర కొంటాడండి. ఇమాన్యేలు బాబని, మంచోడు. ఈయాల డ్యూటీలోనే ఉంటాడు, ఆయన నెంబరే నాకు లేదు."

శేషగిరి నన్ను చూశాడు, నేను కాలవని చూశాను. మాస్టారికి ఇదంతా ముందే తెలుసో లేదో నాకు తెలియదు, ఆ తరవాతైనా అడగలేదు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ తాటి దుంగ మీద కూర్చున్నారు, బస్సు కోసం కూర్చున్నట్టు.

"అన్నగారూ, మీరు చెయ్యకూడదూ ఫోను?" అన్నాడు శేషగిరి మెల్లగా.

"నా దగ్గరా లేదయ్యా నెంబరు" అన్నాను. అబద్ధమే. ఆడినందుకు నాకు విచారం లేదు.

అతను ఫోను తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నూకరత్నం ఊరుకోలేదు. "పొద్దోతాందండి, రేపు సోమారం, ఆసుపత్రి నిండా జనం. రేపూ చుట్టు తిరగాలంటే నా వల్ల కాదు బాబూ" అంది. అప్పుడు పక్కకెళ్ళి చేశాడు. ఏమన్నాడో వినపడలేదు, నాలుగు మాటలకి మించి అనలేదు.

పది నిమిషాల్లో అవతలి గట్టు మీద తెల్ల కోటు కనిపించింది. ఇమ్మానుయేలు మమ్మల్నందరినీ చూశాడు, మాస్టారికి దణ్ణం పెట్టాడు, కోటు విప్పి తుమ్మకొమ్మకి తగిలించాడు. శేషగిరిని పలకరించలేదు. మేం తాడు విసిరాం, పట్టుకున్నాడు. మేం తోశాం, వాడు లాగాడు. దుంగ సగం దాటాక ఒక్కసారి పక్కకి ఒరిగింది.

"ఒరే, వదలకు" అన్నాడు శేషగిరి.

"వదల్లేదురా. నువ్వు తొయ్యి."

రెండు నెలల తరవాత వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. దుంగ అవతలి గట్టెక్కి కూర్చుంది. ఇమ్మానుయేలు కాలితో రెండుసార్లు తొక్కి చూసి, బరువు చూడాలి కదా అంటూ దాని మీదనుంచే నడిచి ఇవతలికి వచ్చేశాడు. ఎదురుగా నిలబడ్డారు. ఇద్దరి చేతులూ తాడు ఒరిసీ పీచు గుచ్చుకునీ ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడు వెళుతున్నావు?" అన్నాడు శేషగిరి.

"వచ్చే ఆదివారం."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

శేషగిరి మొహం తిప్పేసుకున్నాడు. ఏడుస్తున్నాడు. ఇమ్మానుయేలు ఏం చెయ్యాలో తోచనివాడిలా కాలవలోకి చూస్తూ, "చూడరా, నీరు నిజంగానే పల్లానికి పారుతోంది" అన్నాడు. దాంతో ఇద్దరూ నవ్వారు. ఏడుస్తూ నవ్వేవాణ్ణి చూడటం నాకు చిరాకు, అయినా ఆవేళ చూశాను.

అంతలో ఇద్దరి జేబుల్లోనూ ఫోన్లు ఒకేసారి మోగాయి. గ్రూపు కబురు. ఆట విడుదల ఇంకో ఆరు నెలలు వాయిదా పడిందట. రెండు నెలల కిందటైతే ఆ రాత్రి వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలిగేది కాదు. ఇమ్మానుయేలు చదివి, "పోన్లే, ఈలోపు నెల్లూరులో నెట్టు పెట్టించుకుంటాను" అన్నాడు. "ఆ పసుప్పచ్చది ఆటోయేరా, నేను ఇప్పటికీ అదే అంటాను." "చెత్తబండి" అన్నాడు శేషగిరి. పిచ్చి కుదరలేదని నాకు అర్థమైంది. మాస్టారు కుదర్చాలని వెళ్ళినట్టు కూడా నాకు అనిపించలేదు.

నూకరత్నం ఊరికే పంపలేదు. గోంగూరా తోటకూరా కోసి తెచ్చింది, చుట్టడానికి కాగితం వెతికింది. శేషగిరి గట్టు మీద పెట్టిన పటం చుట్ట తీసి సగానికి చింపి ఇచ్చాడు. ఏ సగం ఇచ్చాడో చూసుకోలేదు. ఇమ్మానుయేలు మళ్ళీ దుంగ మీదుగా డ్యూటీకి వెళ్ళిపోయాడు, గురువారం శేషగిరి ఇంట్లో భోజనానికి వస్తానని చెప్పి.

మాస్టారి ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. శేషగిరి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. మనిషి మెత్తబడ్డాడే గానీ ప్రశ్న వదిలే రకం కాదు.

"మాస్టారూ, వంతెన సంగతి మీరు చెప్పనేలేదు. మలుపు మీదా, దిగువనా?"

"ఇందాక దుంగ అవతలి కొస ఎవరు పట్టుకున్నారు?" అన్నారు మాస్టారు.

"ఇమ్మానుయేలండి."

"అయితే వాడి చెయ్యి అందే చోట పెట్టు" అని ఆయన చెప్పులు విడిచారు.