కొట్టుగుహలో గింజలెవరివి

నల్లకొండ అడవిలో కొట్టుగుహకు కాపలా నాంచారి అనే ముళ్లపందిది. జంతువులన్నీ ఏరుకొచ్చిన గింజలు ఆ గుహలోనే పోసేవి. బుట్టెడు పోసినవాళ్లకు ఎలుగుబంటి దొర పంజా ముద్ర వేసిన తాటాకు ముక్క ఒకటి ఇచ్చేవారు. ఆ ముక్క తిరిగి తెస్తే బుట్టెడు గింజలు ఇవ్వాలని మాట. ఆ మాట మీదే కుందేళ్లు దుంపలు, కోతులు పళ్లు ఆ ఆకులకే అమ్ముకునేవి. గుహకు అడ్డం పెట్టిన బండ తీయించే అధికారం మాత్రం మంత్రి జగ్గప్ప అనే నక్కది.

ఆ ఏడు వానలు పడలేదు. ఒక మధ్యాహ్నం బండ పక్కన మట్టి రాలి సందు కనిపిస్తే నాంచారి లోపలికి తొంగిచూసింది. ముందు రెండు కుప్పలున్నాయి. వాటి వెనక అంతా వట్టి నేల. ఆమె ముళ్లు వాటంతటవే నిక్కబొడుచుకున్నాయి.

పరుగున వెళ్లి జగ్గప్పకు చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు. నెమ్మదిగా వచ్చి సందును మట్టితో పూడ్చాడు.

"ఇది బయటికి పొక్కితే అందరూ ఒక్కసారి ఎగబడతారు నాంచారమ్మా. ఆ తొక్కిసలాటలో ముందు పోయేది పసిపిల్లలే. పైగా కాపలా నీది. దొంగవి నువ్వే అవుతావు" అన్నాడు.

మూడు రోజులు ఆమె గుహ దగ్గర్నుంచి కదల్లేదు. ఎవరు పలకరించినా ఉలిక్కిపడేది. ఒక దుప్పి వచ్చి, తన దగ్గర పదకొండు ఆకులున్నాయని, పిల్లలతో ఎండాకాలం గట్టెక్కగలనా అని అడిగింది. నాంచారి అవునని అనలేకపోయింది, కాదనీ అనలేకపోయింది. గుహ ఖాళీ అని అరిస్తే జగ్గప్ప చెప్పినట్టే జరుగుతుంది. ఊరుకుంటే అందరూ ఆకలితో పోతారు.

నాలుగో రోజు కొలువులో నాంచారి లేచి నిలబడింది.

"మంత్రిగారూ, గుహలో గింజలు ఎవరివి?"

"దొరవారివి, ఇంకెవరివి" అన్నాడు జగ్గప్ప. ఎలుగుబంటి దొర సంతోషంగా తల ఊపాడు.

"మరి మా చేతుల్లో ఉన్న ఆకులకు పూచీ ఏమిటి?"

కొలువంతా అతని వైపు తిరిగింది. గుహే పూచీ అంటే బండ తీయమంటారు. ఏమీ లేదంటే అక్కడే చీల్చేస్తారు. జగ్గప్ప రొమ్ము విరుచుకుని, "నా మాట. జగ్గప్ప మాటిస్తే గింజలు చేతికొచ్చినట్టే" అన్నాడు.

"అయితే ఆకులకు గింజలు మీ ఇంటి నుంచే ఇప్పించండి. దొరవారి సొత్తు ముట్టుకోనక్కర్లేదు."

తన గింజలు భద్రమనుకున్న దొర వెంటనే సరేనన్నాడు. జగ్గప్ప తడబడుతూ రేపంటే, దొర ఇప్పుడే అన్నాడు. తొక్కిసలాట లేకుండా అడవిదున్న ఒకటి నక్క ఇంటి దారికి అడ్డంగా నిలబడి ఒక్కొక్కరినే వదిలింది. నక్క బొరియలో అరలకు అరలు గింజలు బయటపడ్డాయి. ఎండాకాలంలో ఎక్కువ ధరకు అమ్ముకుందామని గుహలోంచి తోడుకున్నవి అవి. అప్పుడు దొర బండ తీయించి గుహలోని వట్టి నేలను కళ్లారా చూశాడు.

జగ్గప్ప అప్పటికే తినేసినవి పోను, గుహలోవీ బొరియలోవీ కలిపి పంచినా ఆకుకు అరబుట్టే వచ్చింది. ఎండాకాలం దాటేసరికి ముసలి జంతువులు కొన్ని లేకుండా పోయాయి. మిగిలిన అరబుట్టలు తీరేదాకా జగ్గప్ప కొండ చుట్టూ గింజలు ఏరుతూనే ఉన్నాడు, పక్కన దున్న కాపలాగా.

పదిమంది సొత్తుకు కాపలా ఉన్నవాడు తలుపు తీసి చూపించడానికి జంకితే, అడగాల్సిన రోజు ఆ రోజే.