కర్ర నీడ గీత తాకేదాకా

"వేటలో పడిన ప్రతి జంతువు మాంసమూ ఊరిదే. కొమ్ములు, తోలు అతిథివి. ఒక్క తునక కూడా పట్నం దారి పట్టదు. ఇది నా మాట."

సఫారీ కంపెనీ మేనేజరు క్లాసెన్ ఈ మాట ఇచ్చింది పోయినేడు మార్చిలో. నమీబియా దేశంలో, రాళ్ళూ ఇసుకా తప్ప మరేమీ కనపడని ఒక లోయలో, బడి హాస్టలు వంటపాక ముందు నిలబడి ఇచ్చాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ చలికాలం, అంటే అక్కడ జూన్, జూలైల్లో, విదేశీ అతిథులు పదకొండు జంతువులను కొట్టారు. ఊరికి వచ్చింది రెండింటి మాంసం. మిగతా తొమ్మిదీ ఐసు లారీలో పట్నం చేరి మాంసం కొట్ల అద్దాల వెనక వేలాడాయి. ఒక్కొక్క తొడకీ లోయ పేరు రాసిన చీటీ కట్టి ఉంది. ఎఫ్రాయిమ్ వాటిని కళ్ళారా చూశాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకోలేదు, నాలుగు చీటీలు తెంపుకొచ్చాడు.

ఎఫ్రాయిమ్‌కి ఇరవై మూడేళ్ళు. రాజధానిలో రెండేళ్ళు చదివి, సంచీ నిండా పుస్తకాలతో ఊరికి తిరిగొచ్చి, ఎనిమిది నెలలుగా ఊపా అబ్నేర్ దగ్గర జాడలు పట్టడం నేర్చుకుంటున్నాడు. ఊపా అంటే అక్కడివాళ్ళ మాటలో తాత. ముసలాయనకి డెబ్బై దాటాయి. అక్షరం ముక్క రాదు. నిన్న సాయంత్రం ఇసుక మీద నడిచిపోయిన నక్క కుంటిదో కాదో మాత్రం ఇవాళ చెప్పగలడు.

మే నెల మొదట్లో కంపెనీ నుంచి ఊపాకి ఉత్తరం వచ్చింది. జూలైలో ఒక అతిథి వస్తున్నాడు. పది రోజులుంటాడు. ఒరిక్స్, కుడూ, స్ప్రింగ్‌బక్ అనే మూడు రకాల జింకలు, కొండ జీబ్రా, నాలుగూ కావాలట. ఏ రోజు ఏ వైపు వెళ్ళాలో ప్లాను వేసి పంపమన్నారు. ఆ లోయలో ఏ జంతువు ఏ పూట ఎక్కడ తిరుగుతుందో ఊపాకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి కంపెనీకి బాగా తెలుసు.

"చదివావుగా. ఇక రాయి," అన్నాడు ఊపా, వంటపాక గోడకి ఆనుకుని కూర్చుని.

"మనం రాయం," అన్నాడు ఎఫ్రాయిమ్.

"అతిథి వయసెంతని రాశారు?"

"అరవై రెండు. ఊపా, మీరు నా మాట వినండి..."

"పొట్ట ఉందా?"

"ఉత్తరంలో లేదు."

"ఉండదు. ఉందనే అనుకో. మొదటి రెండు రోజులు తూర్పు మైదానం, ఒరిక్స్. నేల చదును. పొద్దున గాలి కొండ మీంచి కిందికి దిగుతుంది గనక మనం కింది నుంచి పైకి నడవాలి. మూడో రోజు విశ్రాంతి. కాళ్ళు బొబ్బలెక్కి ఉంటాయి. నాలుగూ ఐదూ ఎండిన ఏటి పొదల్లో కుడూ, సాయంత్రం పూట. జీబ్రా రాళ్ళ మీద తిరుగుతుంది. దాన్ని ఎనిమిదో రోజుకి పెట్టు. అప్పటికి ఆయన కాళ్ళు ఆయన మాట వింటాయి. కొత్త బూట్లు వేసుకు రావద్దని కూడా రాయి."

ఎఫ్రాయిమ్ కలం కింద పడేశాడు.

"మనల్ని మోసం చేసినవాడి అతిథి కాళ్ళ గురించా మనం ఆలోచించేది? నేను రాసింది వినండి."

చొక్కా లోపల్నుంచి కాగితాలు తీశాడు. ఏడు. రెండు వైపులా రాసినవి. లేచి నిలబడి చదవడం మొదలుపెట్టాడు. "నేల మాది! నీళ్ళు మావి! వేట మాది! దోపిడీతో రాజీ లేదు! చరిత్ర చక్రాన్ని ఏ కంపెనీ జీపూ వెనక్కి తిప్పలేదు!"

మూడో కాగితం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"గొంతు బాగుంది," అన్నాడు ఊపా.

వంటపాక లోపల్నుంచి ఎఫ్రాయిమ్ తల్లి లిదియా బయటికి వచ్చింది. చేతిలో గరిటె. హాస్టల్లో నలభై మూడు మంది పిల్లలకి వండేది ఆమే.

"అవి ఏడు కాగితాలేనా, ఇంకా ఉన్నాయా?" అంది.

"ఎందుకమ్మా?"

"ఉడకబెడదామని. ఉప్పేస్తే పిల్లలు తింటారేమో. మూడు వారాలుగా వట్టి మొక్కజొన్న సంకటి పెడుతున్నాను. నా మొహం చూస్తేనే ఏడుస్తున్నారు."

"అమ్మా, నువ్వు ఊరుకో. ఇది పోరాటం."

"పోరాడు నాయనా. డిసెంబర్లో పోరాడావుగా."

డిసెంబర్లో ఎఫ్రాయిమ్ కంపెనీ క్యాంపు గేటు ముందు నిలబడి అరిచాడు. క్లాసెన్ వెనక గేటు నుంచి జీపెక్కి వెళ్ళిపోయాడు. ఫిబ్రవరి దాకా ఎవరికీ దొరకలేదు. ఊరి పెద్దలేమో ఆ ముందూ ఆ తర్వాతా ఒకే మాట అంటూ వచ్చారు: మెల్లగా చూద్దాం. పది నెలలు మెల్లగానే చూశారు. ఈలోగా తొమ్మిది జంతువుల మాంసాన్నీ పట్నం తినేసింది.

"ఇప్పుడే వెళ్తాను," అన్నాడు ఎఫ్రాయిమ్. "ఈ ఏడు కాగితాలూ క్లాసెన్ మొహం మీద చదివేస్తాను. లేదంటే తప్పుడు ప్లాను పంపుదాం. అతిథి పది రోజులూ ఉత్త ఇసుక చూసి పోతాడు. మీ వేలిముద్ర వెయ్యండి చాలు."

ఊపా వేలిముద్ర సంగతి ఎత్తలేదు. ఉత్తరాన్ని మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

"సర్కారు ఊరికిచ్చిన వేట వాటాలో ఇంకో ఒరిక్స్ మిగిలింది," అన్నాడు. "రేపు పొద్దున వెళ్దాం. హాస్టలుకి. తుపాకీ నువ్వు పట్టుకో."

ఎనిమిది నెలల్లో ముసలాయన ఆ మాట అనడం అదే మొదటిసారి. ఎఫ్రాయిమ్ కాగితాలు చొక్కాలో దోపుకున్నాడు. ఒక్కరోజులో క్లాసెన్ ఎక్కడికీ పోడులే అనుకున్నాడు.

తెల్లవారేసరికి ఇద్దరూ తూర్పు మైదానంలో ఉన్నారు. ఊపా నడుముకి బూడిద నింపిన చిన్న గుడ్డసంచీ ఉంది. అడపాదడపా దాన్ని వేలితో తడుతున్నాడు. బూడిద తమ వైపే ఎగిరి వస్తోంది. గాలి మంచిదే.

చిన్న దిబ్బ దాటగానే ఏడు ఒరిక్స్‌లు కనపడ్డాయి. బరిసెల్లాంటి తిన్నని కొమ్ములు, ముఖాల మీద నల్లని చారలు. ఊపా మూడు కాళ్ళ కర్రను నిలబెట్టాడు. ఎఫ్రాయిమ్ దాని మీద తుపాకీ ఆనించాడు.

"చివరిది," ఊపా గుసగుసలాడాడు. "అది పూర్తిగా పక్కకి తిరగనీ."

అది సగం తిరిగింది. ఎఫ్రాయిమ్ పేల్చేశాడు.

జంతువు నడుం వంచి, వెనక కాళ్ళు ఝాడించి, మందతో పాటు దుమ్ములో కలిసిపోయింది.

"కడుపులో తగిలింది," అన్నాడు ఊపా. అది తిట్టులా లేదు, వాన పడింది అన్నట్టుంది.

ఎఫ్రాయిమ్ అప్పటికే పది అడుగులు పరిగెత్తాడు.

"ఎక్కడికి?"

"దాని వెనక!"

"కూర్చో."

"పారిపోతోంది ఊపా!"

"నువ్వు కనపడుతున్నంతసేపూ పారిపోతుంది. కనపడకపోతే పడుకుంటుంది."

"అది బాధపడుతోంది!"

"అవును," అన్నాడు ఊపా. "నీ వల్ల. కూర్చో."

ఎఫ్రాయిమ్ కూర్చున్నాడు. ఊపా నాలుగు పుల్లలు ఏరి మంట చేసి టీ గిన్నె పెట్టాడు. తర్వాత మోచెయ్యంత కర్ర విరిచి ఇసుకలో నిలువుగా గుచ్చాడు. దాని నీడ ఒక వైపు పొడుగ్గా పడింది. ముసలాయన ఒకసారి ఎండ వైపు చూసి, నీడకి జానెడు పక్కన వేలితో గీత గీశాడు.

"నీడ ఈ గీత తాకేదాకా," అన్నాడు.

తన ఇరవై మూడేళ్ళలోనూ అంత పొడుగైన పొద్దును ఎఫ్రాయిమ్ చూడలేదు. నీడ కదలడం లేదు. కళ్ళు మూసి తెరిచాడు, అక్కడే ఉంది. చొక్కాలో ఏడు కాగితాలూ చెమటకి ఒంటికి అంటుకున్నాయి. ఎవరిని తిట్టాలో వెతికాడు. దొరకలేదు. తుపాకీ తన చేతిలోనే ఉంది.

"సగం వచ్చింది," అన్నాడు కాసేపటికి. "ఇప్పుడు వెళ్తే?"

"లేచి పరిగెడుతుంది. సాయంత్రానికి కొండెక్కుతుంది. మనకి దొరకదు."

ఇంకా కాసేపయ్యాక, కోపం తగ్గి, భయం మొదలై, వేరే విధంగా అడిగాడు. "పోనీ, మధ్యాహ్నం దాకా ఆగితే? పూర్తిగా చచ్చిపోయి ఉంటుంది. ఏ గొడవా ఉండదు."

"నక్కలు మధ్యాహ్నం దాకా ఆగవు."

ఊపా రెండో విడత టీ కాచాడు. పంచదార మూడు చెంచాలు వేసుకున్నాడు, కలిపాడు, ఊదాడు. పొద్దుటి చలికి ముసలి వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. వేడి మగ్గుని రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మొదటి గుక్క తాగి కళ్ళు తెరిచాడు.

నీడ గీతను తాకింది.

ఊపా మగ్గులోని టీ మొత్తం మంట మీద పోసేశాడు. బుస్సుమంటూ పొగ లేచింది.

"అయ్యో, తాగండి ఊపా," అన్నాడు ఎఫ్రాయిమ్. "రెండు గుక్కలకి ఏమవుతుంది?"

"గీత గీశాం," అన్నాడు ముసలాయన. అప్పటికే లేచి నిలబడ్డాడు.

జాడ మీద కాలు పెట్టకుండా పక్కపక్కనే నడిచారు. నాలుగు వందల అడుగులు కూడా వెళ్ళలేదు. ఒక ముళ్ళపొద నీడలో ఒరిక్స్ పడుకుని ఉంది. తల ఇంకా ఎత్తే ఉంది. దానికి ముప్పై అడుగుల దూరంలో రెండు నక్కలు వెనక కాళ్ళ మీద కూర్చుని, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు మర్యాదగా చూస్తున్నాయి.

కొమ్ములకి అందకుండా వెనక వైపు నుంచి వెళ్ళారు. ఎఫ్రాయిమ్ ఈసారి ఊపా చెయ్యి భుజం మీద పడేదాకా ఆగాడు. పడగానే పేల్చాడు. అది తల దించింది, అంతే.

చాలాసేపు వాడు దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఊపా కత్తి నూరుకుంటూ వేరే వైపు చూశాడు.

మధ్యాహ్నానికి గాడిద బండి మీద మాంసం హాస్టలు చేరింది. బండి ఆగకముందే పిల్లలు బడి కిటికీల్లోంచి దూకేశారు. మాస్టారు వాళ్ళని ఆపబోయి తనూ వచ్చాడు. లిదియా కొడుకుని ఎగాదిగా చూసింది.

"నీ తూటానా?"

"రెండూ నావే. మొదటిది బాగా పడలేదు."

లిదియా ఎగతాళికి నోరు తెరిచి, వాడి మొహం చూసి మూసేసింది. పెద్ద కుండ పొయ్యి మీదికి ఎక్కించింది.

ఎండ పచ్చబడే వేళకి ఎఫ్రాయిమ్ వంటపాక గోడ దగ్గరికి వచ్చాడు. ఏడు కాగితాలూ పుస్తకాల సంచీలో పెట్టేసి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితాలు రెండే ఉన్నాయి.

"చెప్పండి ఊపా. మొదటి ఐదు రోజులూ గుర్తున్నాయి. ఆరో రోజు ఎక్కడ?"

ఊపా చెప్పాడు. ఆరో రోజు నుంచి పదో రోజు దాకా చెప్పాడు. గాలి, నీళ్ళు, బండి ఆగే చోటు, మాంసం ఎండన పడకుండా దింపే దారి, అన్నీ. ఎఫ్రాయిమ్ ఒక్క మాట పొల్లుపోకుండా, ఒక్క అబద్ధం కలపకుండా రాశాడు. మంచి ప్లాను. అలాంటి ప్లాను ఆ దేశంలో ఇంకెవరూ వెయ్యలేరని వాడికి తెలిసింది. దాన్ని మడిచి ఊపా చేతికి ఇచ్చాడు.

రెండో కాగితం వాడే రాశాడు. పది వాక్యాలు కూడా లేవు. రాసి, ఊపాకి చదివి వినిపించాడు. ఈసారి నిలబడలేదు, గొంతు పెంచలేదు.

"క్లాసెన్ గారికి. జూలై వేటకి పది రోజుల ప్లాను సిద్ధంగా ఉంది. అది ఊపా అబ్నేర్ దగ్గర ఉంది. పోయినేడు పదకొండు జంతువుల్లో రెండింటి మాంసమే ఊరికి వచ్చింది. మిగతావి పట్నంలో అమ్ముడుపోయాయి. వాటి చీటీలు నాలుగు నా దగ్గర ఉన్నాయి. ఈ ఏడాది ప్రతి జంతువునూ హాస్టలు వంటపాక ముందే కొయ్యాలి. మాంసమంతా ఇక్కడే దిగాలి. దీనికి ఒప్పుకుంటూ మీరు సంతకం చేసిన కాగితం ఏ రోజు వస్తే ఆ రోజే ప్లాను మీ చేతికి వస్తుంది. సంతకం లేకపోతే ప్లాను లేదు, ఊపా లేడు, నేనూ లేను. అతిథి కొత్త బూట్లు వేసుకు రావద్దు."

ఊపా బొటనవేలికి సిరా రాసుకుని, కాగితం మీద గాలిలోనే ఆపాడు. ఎదురుచూశాడు.

ఎఫ్రాయిమ్ కింద 'వెంటనే' అని రాశాడు. కొట్టేశాడు. 'వీలైనంత త్వరగా' అని రాశాడు. దాన్నీ కొట్టేశాడు. కొట్టివేతలున్న కాగితం పక్కన పడేసి, వంటపాకలోంచి ఇంకో తెల్ల కాగితం తెచ్చుకుని, మొత్తం మళ్ళీ శుభ్రంగా రాశాడు. చివర ఒక్క వాక్యం చేర్చాడు.

ముసలాయన వేలిముద్ర దాని పక్కనే పడింది.

"మే ముప్పై ఒకటో తేదీలోగా జవాబు ఇవ్వాలి."