పసుపు వేళ్లు

పోయిన ఉరుసు నాడు కొండకింద దర్గాలో భోంచేసినవాళ్లలో ఇరవైమంది వాంతులతో మంచాన పడ్డారు. పెద్దాయన, పీర్ లతీఫ్ సాహెబ్ అయితే మూడు రోజులు కళ్లు తెరవలేదు.

వంటశాల బాధ్యత ఆయన శిష్యుడు ఇనాయత్‌ది. కోళ్లు ఇచ్చింది వీధి చివరి దస్తగిరి. ఇంకేముంది, ఇనాయత్ దస్తగిరిని నలుగురిలో నిలబెట్టి "విషం పెట్టినోడు" అనేశాడు. ఆ తర్వాత దస్తగిరి దగ్గర ఒక్కరూ మాంసం కొనలేదు. నెల తిరక్కుండా అంగడి మూతపడింది.

ఈ ఏడు ఇనాయత్ పట్నంలోని పెద్ద అంగడి నుంచి కోళ్లు తెప్పించాడు. పచ్చిమాంసంలో రోగపు క్రిములుంటే గంటలో పట్టిచ్చే పరీక్ష కూడా నేర్చుకొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఉరుసు నాడు అందరికంటే ముందే వచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని, మాంసాన్ని దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లను మందునీళ్లలో ముంచి పరీక్ష పెట్టెలో పెట్టాడు.

"చివర్లో ఈ కాగితప్పట్టీ మీద ఒక్క గీతొస్తే మంచిది బాబా. రెండొస్తే క్రిములున్నట్టు. ఇంక మనల్ని ఎవరూ మోసం చేయలేరు," అన్నాడు గురువుతో.

గంటసేపు ఊరికే కూర్చోవడం ఎవరివల్ల అవుతుంది? తొడుగులు తీసేసి ముక్కలకు పసుపూ ఉప్పూ పట్టించాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని పెరుగు చట్నీలోకి ఉల్లిపాయలు తరిగాడు. గురువుకు గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు. పసుపు తగిలాక ఇంక దోషమేముంటుందని మనందరి ధీమా.

గంటయింది. పట్టీ మీద రెండు ఎర్రగీతలు తేలాయి.

ఇనాయత్ పట్టీ తెచ్చి గురువు ముందు పెట్టాడు. "బాబా! ఇందులోనూ ఉన్నాయి!"

"ఉడికితే?" అన్నాడు సాహెబ్.

"బాగా ఉడికితే చచ్చిపోతాయి."

"పోయినేడు ఉడకలేదా?"

"ఎముక విడిపోయేదాకా ఉడికింది బాబా. నేనే దగ్గరుండి చూసినా." ఆ మాట అంటూనే ఇనాయత్ ఆగిపోయాడు. తన మాట తనకే అడ్డం తిరిగినట్టుంది.

సాహెబ్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగబోయి, వెలుగుకు ఎత్తి పట్టాడు. గాజు మీద నాలుగు పసుపు వేలిముద్రలు. నీళ్లు నేలమీద వంపేసి వంటశాలలోకి నడిచాడు. ఇనాయత్ వెనకే వెళ్లాడు.

తలుపు గడియ మీద పసుపు. ఉప్పుడబ్బా మూత మీద పసుపు. సాహెబ్ చట్నీ గిన్నె దగ్గర ఆగాడు. తెల్లటి ఉల్లిపాయ ముక్కల మీదా అక్కడక్కడా అదే పసుపు.

"పోయినేడు నాకేం వడ్డించినావు బేటా?"

"వేరే గిన్నెలో వండిన ఖుష్కా బాబా, ముక్కల్లేని అన్నం. పెరుగు చట్నీ."

"నేను మాంసం ముట్టి పదేళ్లయింది గదరా. మరి నాకెందుకొచ్చింది ఆ రోగం?"

ఇనాయత్‌కు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. పోయినేడు ముక్కలకు పసుపు పట్టించింది తనే. ఆ చేతులతోనే ఉల్లిపాయలు తరిగిందీ తనే. తన చేతులవైపు చూసుకోవడానికే భయమేసింది.

"ఏడాది పొడుగునా ఆలోచించినా. నాకూ ఇప్పుడే తెలిసింది," అంటూ సాహెబ్ చట్నీ గిన్నె ఎత్తి పెంటకుప్పలో బోర్లించాడు.

ఇనాయత్ చెప్పులైనా వేసుకోకుండా గడప దాటాడు. దస్తగిరి ఇల్లు వీధి చివరే.

"ఆగు," అన్నాడు సాహెబ్. చెంబుతో నీళ్లూ, సబ్బుబిళ్లా తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"మోచేతులదాకా రుద్దుకో. ఆయన చెయ్యి పట్టుకోవాల గదా."