చూద్దామన్న సీమాధిపతి

అనగనగా ఒక రాజు. ఆ రాజ్యానికి దక్షిణాన, సముద్రాన్ని ఆనుకుని ఒక సీమ. ఆ సీమకు బేతనాయకుడు అధిపతి.

బేతనాయకుడు మొదట ఊరిపెద్ద, తరవాత కోటలో కొలువుగాడు, ఆపై సీమాధిపతి. ప్రతి మెట్టూ తీపిమాటతోనే ఎక్కాడు. ఎవరొచ్చి ఏ కష్టం చెప్పుకున్నా కాదనేవాడు కాదు. చిరునవ్వు నవ్వి, "చూద్దాం" అనేవాడు. వచ్చినవాడు దండం పెట్టి వెళ్లిపోయేవాడు.

ఆ సీమలో ఒక ఆచారం ఉంది. పదవీకాలం ముగిసిన నాడు రాజు స్వయంగా వచ్చి జనాన్ని అడుగుతాడు: "ఉంచనా, దించనా?" ఆ రోజు దగ్గరపడుతోంది.

ఒకనాడు కొలువుకు పడవ నడిపే పోలయ్య వచ్చాడు. "దొరా, రేవు ఇసుకతో పూడిపోయింది. పడవ కదలడం లేదు."

"చూద్దాం."

గొర్రెలకాపరి మల్లన వచ్చాడు. "కొండమీది బావి కూలింది దొరా. మందకు నీళ్లు లేవు."

"చూద్దాం."

చివరికి దిగువపల్లె మాచమ్మ వచ్చింది. "ఏటిగట్టు చెమ్మగిల్లుతోంది బాబూ. గట్టి వాన పడితే పల్లె మిగలదు."

"చూద్దాం."

"మంచిది. పదండి," అంది మాచమ్మ.

"ఎక్కడికి?"

"చూద్దామన్నారు కదా!"

కొలువంతా కిసుక్కుమంది. మంత్రి గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, ఆ మాటకు అర్థం అది కాదు."

"మరేమిటి నాయనా? మా పల్లెలో చూద్దామంటే చూడడమే. కోటలో చూద్దామంటే ఏం చేస్తారు?"

బేతనాయకుడికి తల కొట్టేసినట్టయింది. తన మాటకు అర్థం లేదని అందరి ఎదుటా ఎలా ఒప్పుకుంటాడు? చెప్పులు తొడుక్కుని బయల్దేరాడు.

గట్టు దగ్గర అతని కాలు మోకాలిదాకా దిగబడింది. మట్టిలోంచి నీరు బుడబుడ ఉబుకుతోంది. ఆ గట్టు కిందే పిల్లలు ఆడుకుంటున్నారు.

"మనుషుల్ని పిలవండి! తట్టలు తెండి!" అని కేకేశాడు. తానూ ఒక తట్ట ఎత్తాడు. వాన వచ్చింది. గట్టు నిలిచింది.

ఆ తరవాత ఎవరూ పిలవకుండానే కొండెక్కి బావి తవ్వించాడు. రేవుకూ వెళ్లాడు.

"దొరా, దారి తప్పారా?" అన్నాడు పోలయ్య.

"ఇన్నాళ్లూ తప్పాను లే," అని నవ్వేశాడు నాయకుడు.

రేవు పని సగంలో ఉండగానే గడువు ముగిసి రాజు వచ్చాడు. జనమంతా కోటలో చేరారు.

"అన్నీ అయ్యాయని చెప్పండి," అని మంత్రి నాయకుడి చెవిలో ఊదాడు.

బేతనాయకుడు లేచి నిలబడ్డాడు. "ప్రభూ, గట్టు నిలిచింది. బావిలో నీళ్లు పడ్డాయి. రేవు పని మాత్రం సగమే అయింది. ఆలస్యంగా కదిలాను. తప్పు నాదే."

రాజు జనంవైపు తిరిగాడు. "ఉంచనా, దించనా?"

అప్పుడు పోలయ్య లేచాడు.

"ఉంచండి ప్రభూ! కొత్తాయన వస్తే మా రేవుకు దారి మళ్లీ మొదటినుంచి చూపించాలి."

జనం గొల్లుమన్నారు. "ఉంచండి, ఉంచండి!" అన్న కేక కోట దాటి సముద్రం దాకా వినిపించింది.

తీపిమాట పదవిని తెచ్చిపెట్టవచ్చు గాని, దాన్ని నిలబెట్టేవి చేసిన పని, చెప్పిన నిజం.