పగిలిన లక్కముద్ర

పాత నాణేలంటే ఆ రాజుగారికి ప్రాణం. టంకశాల అధికారి మల్లప్ప పరీక్షించి, యోగ్యతాపత్రం రాసి, గాజుమూత డబ్బీలో పెట్టి లక్కముద్ర వేస్తేనే ఆయన నాణెం కొనేవాడు.

ఒకరోజు బావులు తవ్వే సుంకులమ్మ మట్టిలో దొరికిన బంగారు నాణెం రాజసభకి పట్టుకొచ్చింది. మల్లప్ప ఆమె చిరుగుల చీరని ఎగాదిగా చూసి, "ఇది నకిలీ" అనేశాడు. నకిలీ నాణెం తెచ్చినవాళ్లకి శిక్ష చెయ్యి నరకడమే. భటులు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

సుంకులమ్మ, "ప్రభువుల చెవిలో ఒక్క మాట చెప్పుకుంటాను" అంది.

ఆమె చెవిలో చెప్పింది విని రాజు లోపలికి వెళ్లి, ఇంకో నాణెంతో తిరిగొచ్చాడు. "మల్లప్పా, ఇదీ ఈమెదేనట. చూడు."

మల్లప్ప దాన్ని తిప్పి కూడా చూడలేదు. "ఇది మరీ నాసిరకం నకిలీ, ప్రభూ!"

రాజు ముఖం పాలిపోయింది. లోపల తన డబ్బీ ఒకదాని లక్కముద్ర పగలగొట్టి, ఈ నాణెంతో పాటు తెచ్చిన పత్రం తీసి చూపించాడు. "'అసలైనది, అత్యుత్తమం' అని దీనికి నువ్వే రాసిచ్చావు కదయ్యా!"

మల్లప్ప అప్పుడు గబగబా ఆ నాణేన్ని తిప్పి చూశాడు.

"ఆయన నాణేన్ని చూడరు ప్రభూ, తెచ్చిన మనిషిని చూస్తారు" అంది సుంకులమ్మ.

ఆమెను వదలమని చెప్పి, రాజు మిగతా డబ్బీలన్నీ తెప్పించాడు. వాటిలో ఏది అసలో, ఏది నకిలీయో చెప్పగలిగేవాళ్లు ఇక ఆ సభలో ఒక్కరూ లేరు.