పడుగు కొస

ఆదెయ్య గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఎవరు ఏం అడిగినా కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. ఆ పూట తనకున్న పనికి వాళ్లను కూడా వెంట తీసుకుపోయేవారు. పని అయ్యాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు చూద్దామనేవారు.

ఒక ఉదయం మందుల షాపు కామేశం కారు వేసుకుని వచ్చాడు. కూర్చున్నాడన్న మాటే గాని కాలు నిలవలేదు. చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.

"గురువుగారూ, కారు ఇన్సూరెన్సుకు ఇవాళ్టితో గడువు తీరిపోతుంది. పదింటిలోగా తేల్చమంటున్నాడు ఏజెంటు. మన బండి వల్ల మనిషికి దెబ్బ తగిలితే దానికి చట్టం ఉంది, అందులో మన ఇష్టం ఏమీ లేదు. ఎదుటివాడి సొత్తు పాడైతే మాత్రం ఏడున్నర లక్షల దాకా రాయించుకోవచ్చు, వద్దనుకుంటే ఆరు వేలతో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు ప్రీమియం కాస్త తగ్గుతుంది. నా కారు పద్నాలుగేళ్లది. లక్ష కూడా చెయ్యని బండికి ఏడున్నర లక్షల బరువెందుకు? అక్కరలేనిది దగ్గర ఉంచుకోవద్దని మీరే చెబుతారు కదా. రెండు రోజులుగా ఇదే గొడవ నాకు. ఎంతకు రాయించమంటారు?"

ఆదెయ్య గారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "నేతపేటలో మార్కండేయులికి పంచెలు చెప్పాను. పోయి వద్దాం పద" అన్నారు.

కారులో నేతపేట చేరేసరికి వీధి మూసుకుపోయి ఉంది. నేతగాళ్లు పొద్దున్నే వీధి పొడవునా పడుగు చాపి గంజి పట్టిస్తారు. చీరకు నిలువుగా వచ్చే వేల పోగులను రెండు కొసలా కర్రలకు బిగించి, ఇంటిల్లిపాదీ రెండు పక్కలా నిలబడి కుంచెలతో దువ్వుతారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. ఆ కాసేపు ఆ వీధిలోకి సైకిలు కూడా రాదు. అది అక్కడి కట్టుబాటు.

"ఇక్కడే ఆపు. నడిచి వెళదాం" అంటూ ఆదెయ్య గారు దిగారు.

కామేశం ఫోను మోగింది. తొమ్మిదిన్నర. "మీరు నడుస్తూ ఉండండి గురువుగారూ. వెళ్లేటప్పుడు ఆలస్యం కాకుండా బండి తిప్పి పెట్టేస్తాను" అని, వీధి మొగలో వెనక్కి పోనిచ్చాడు. తొందరలో ఉన్నవాడు అద్దంలో చూసినా చూసినట్టు కాదు. వెనక బంపరు పడుగు కొసను కట్టిన గుంజకు తగిలింది. గుంజ ఒరిగింది. పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగి, గంజి తడితోనే దుమ్ములో పడ్డాయి.

కామేశం ఒక్క దూకున దిగి బంపరు తడిమి చూశాడు. "అమ్మయ్య, గీత కూడా పడలేదు" అన్నాడు.

మార్కండేయులి తల్లి వీరరాఘవమ్మ కుంచె పట్టుకునే వచ్చింది. "అయితే ముందు నీ బండికి దిష్టి తీయించుకో నాయనా. మా పడుగు సంగతి తర్వాత చూద్దాంలే."

కామేశం ముఖం మాడిపోయింది. "ఎంతవుతుందో చెప్పండి, ఇచ్చేస్తాను" అన్నాడు.

మార్కండేయులు అతని వంక చూడలేదు. "ముందు ఈ కొస పట్టుకో. బిగువు తగ్గనీయకు. గంజి ఆరిందంటే పోగులన్నీ అంటుకుని తాడైపోతాయి."

కామేశం రెండు చేతులా కర్ర పట్టుకున్నాడు. తల్లీ కొడుకూ కూర్చుని ఒక్కొక్క పోగు వెతికి ముడేయసాగారు. ఆదెయ్య గారు అరుగు మీద కూర్చోలేదు. కండువా నడుముకు చుట్టి రెండో కొస దగ్గర నిలబడ్డారు.

కామేశం చొక్కా జేబులో ఫోను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. కామేశం చెయ్యి ఒకసారి కదిలింది.

"మోగనీ. నువ్వు వదిలితే మేం ఏడవాలి" అంది వీరరాఘవమ్మ తలెత్తకుండానే.

పది దాటింది. ఎండ వీపు మీదికి వచ్చింది. మోచేతులు పీకుతున్నాయి. "ఈ పడుగు ఎంత చేస్తుందమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"నూలు ధర షావుకారు చెబుతాడు. ఆరు చీరలు. శనివారానికి ఇస్తామని మాట. మాట తప్పితే మళ్లీ నూలివ్వడు. నూలివ్వకపోతే మగ్గం ఖాళీ. ఖాళీ మగ్గానికి ధర ఎంతో నువ్వే కట్టు, చదువుకున్నవాడివి."

కామేశం కర్రను ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

పదకొండు దాటాక మార్కండేయులు నడుం పట్టుకుని లేచాడు. తెగిన పోగులు చాలావరకు అతికాయి. కొస దగ్గర ఆరు గజాల మేర మాత్రం గంజి ఆరి ముద్ద కట్టింది. "ఐదు చీరలొస్తాయి. ఆరోది రాదు" అన్నాడు. ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"షావుకారు దగ్గరకు నేను వస్తాను. జరిగింది నేనే చెబుతాను" అన్నాడు కామేశం.

"ఏమని చెబుతావు? బండికేం కాలేదనా?" అంది వీరరాఘవమ్మ.

"తప్పు నాదని చెబుతానమ్మా."

ఆమె అతన్ని ఒకసారి ఎగాదిగా చూసి, కుంచె కడుక్కోవడానికి లోపలికి పోయింది.

కారు దగ్గరకు వచ్చాక ఫోను మళ్లీ మోగింది. కామేశం అరచేతుల్లో కర్ర అచ్చు ఎర్రగా దిగి ఉంది. ఫోను ఎత్తడానికి రెండు చేతులూ కావలసివచ్చాయి. "సార్, ఇక నేను ఆగలేను. ఎంతకు రాయమంటారు?" అన్నాడు ఏజెంటు.

కామేశం గురువుగారి వైపు తిరిగాడు.

"అంకె నువ్వే చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం బండి వైపు చూడకు" అన్నారు ఆదెయ్య గారు.