పొగమంచులో కౌజుపిట్ట పిలుపు

ఇప్పలకోన అడవిలో కోయిలలు, కౌజుపిట్టలు, ఉడతలు, కొండముచ్చులు, అడవిపందులు కలిసిమెలిసి బతికేవి. వాటన్నిటిలోకీ ముసలిది ఒక గోరింక. అందరూ ఆమెను గోరింకవ్వ అనేవారు.

వయసులో ఉన్నప్పుడు గోరింకవ్వ ఒకచోట కుదురుగా ఉండేది కాదు. వాగు ఒడ్డుకు, వెదురు పొదలకు, కొండ అంచుకు ఎగిరిపోయేది. ఏ జాతి పిల్లల్ని ఎలా జోకొడుతుందో, మేతకు ఎలా పిలుస్తుందో విని నేర్చుకునేది. వడ్రంగిపిట్ట మాను మీద వేసే దరువు, పామును చూసి ఉడత పెట్టే కేక, దుంపలు తవ్వుతూ పందులు చేసే గురగుర, అన్నీ ఆమె గొంతులో ఉండేవి.

ఆ రోజుల్లో తెల్లవారితే కళ్ళు తెరవక్కర్లేదు. చెవి ఒగ్గితే చాలు, ఎవరు లేచారో, ఎవరు ఏ పనిలో ఉన్నారో తెలిసిపోయేది.

ఇప్పుడు అవ్వకు మతిమరుపు మొదలైంది. తెలిసిన చప్పుడే నోటిదాకా వచ్చి ఆగిపోయేది. "ఇవన్నీ నాతోనే పోతాయేమో" అని ఆమెకు ఒకటే దిగులు.

అలాంటి సమయంలో కోయిల పంతులు సంగీతపు బడి పెట్టాడు. "పాటంటే నాది. మిగతాదంతా రొద!" అన్నాడు. అడవి అడవంతా ఎగబడి చేరింది. కొద్ది రోజులకే ఎటు విన్నా "కుహూ, కుహూ." కౌజుపిట్ట కూడా తన కూనను "కుహూ" అనే పిలవసాగింది.

"మీ అమ్మ నిన్నలా పిలిచేది కాదే, తల్లీ" అంది అవ్వ.

"ఆ పిలుపు పిలిస్తే అందరూ నవ్వుతారు అవ్వా!"

పై కొమ్మ మీద నుంచి కోయిల పంతులు అందుకున్నాడు. "ఆ పాత చెత్త మర్చిపోతేనే నయం ముసలమ్మా. ఎలాగూ మర్చిపోతున్నావుగా!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ మాట నిజం కాబట్టే అవ్వకు అంతగా గుచ్చుకుంది.

ఒకనాడు పొద్దున్నే దట్టంగా పొగమంచు కమ్మింది. పక్కనున్న చెట్టు కూడా కనిపించడం లేదు. కౌజుకూన తల్లి నుంచి తప్పిపోయింది. దగ్గర్లోనే నక్క తిరుగుతోంది.

"కుహూ!" అని పిలిచింది తల్లి. నాలుగు దిక్కుల నుంచీ "కుహూ! కుహూ!" అని వినిపించింది. తల్లులంతా అలాగే పిలుస్తున్నారు మరి. కూన అటు పరిగెత్తి, ఇటు పరిగెత్తి, ఏడుపు లంకించుకుంది. కోయిల పంతులు కూడా పెళ్ళాన్ని పిలిచాడు. ఏ కూత మొగుడిదో తెలియక ఆమె మంచులో ఎగిరి ఎగిరి టేకుమానుకు కొట్టుకుంది. రెక్క ఈకలు విరిగాయి.

"అవ్వా! నా పాత పిలుపు నోటికి రావడం లేదు. నువ్వయినా చెప్పు!" అని కౌజుపిట్ట గోలపెట్టింది.

అవ్వ నోరు తెరిచింది. ఉడత కేక వచ్చింది. మళ్ళీ తెరిచింది. ఏదీ రాలేదు.

"ఆ పిలుపు పిలిచేటప్పుడు నువ్వేం చేసేదానివి?" అని అడిగింది అవ్వ.

"ఎండుటాకులు గీరేదాన్ని. పురుగు దొరికితే పిలిచేదాన్ని."

"అయితే గీరు!"

కౌజుపిట్ట కాళ్ళతో ఆకులు గీరింది. గరగరమని ఆ చప్పుడు వినగానే అవ్వ కళ్ళ ముందు ఒకప్పటి చలికాలపు పొద్దు కదిలింది. పొదల కింద లేత ఎండ, తల్లుల వెనకే గుండ్రటి కూనలు. ఆ వెంటే పిలుపు దానంతటదే గొంతులోకి వచ్చింది.

"పిటిక్... పిటిక్ పిటిక్!"

తల్లి దాన్ని అందుకుంది. గుడ్డులో ఉన్నప్పటి నుంచీ విన్న పిలుపది. కూన పొగమంచును చీల్చుకుంటూ వచ్చి రెక్క కింద దూరింది. నక్క ఉత్త నోటితో పోయింది.

అది విని ఉడత తన కేక పెట్టింది. కొండముచ్చు తన కూత కూసింది. చివరికి "కుహూ" అనే గొంతు కోయిల పంతులుది ఒక్కటే మిగిలింది. ఈకలు విరిగిన రెక్కతో ఆడకోయిల ఆ గొంతు వెంట గెంతుకుంటూ వచ్చి చేరింది.

కోయిల పంతులు తల వంచుకున్నాడు. "అవ్వా, అందరూ ఎవరి కూత వాళ్ళు కూస్తేగానీ నా కూత నాది కాలేదు" అన్నాడు. బడి మూసేసి, పెళ్ళాం రెక్క బాగయ్యేదాకా ఆమెకు పళ్ళు మోస్తూ గడిపాడు.

ఆ తర్వాత పిల్లలు రోజూ అవ్వ చుట్టూ చేరి పాత కూతలన్నీ నేర్చుకునేవారు. ఒకరోజు వాగు కప్పల పాట సగంలో ఆమె ఆగిపోయింది. ఎంత తడుముకున్నా మిగతాది గుర్తు రాలేదు. అప్పుడు ఓ బుల్లి ఉడత లేచి ఆ పాట చివరిదాకా పాడేసింది. అవ్వ కళ్ళు మూసుకుని హాయిగా వింది.

నీతి: ఇతరుల గొంతును రొద అని తీసిపారేసేవాడు తన గొంతుకూ గుర్తింపు లేకుండా చేసుకుంటాడు, తెలిసినది పదిమందికీ పంచినవారు మరిచిపోయినా అది మిగిలే ఉంటుంది.